ఐసీయూలో నాన్నగారి కల్చర్ రిపోర్టులో దాదాపు అన్ని మందులకూ 'ఆర్' అని వచ్చింది. తెలిసినవాళ్లు చెప్పండి

పార్వతీపురం వాసి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై ఆరేళ్లు. బీపీ పెరిగి మెదడులో రక్తస్రావం అయితే పార్వతీపురం నుంచి అంబులెన్సులో విశాఖపట్నం తీసుకొచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. మొదటి వారం కోలుకుంటున్నట్టే కనిపించారు. పిలిస్తే కళ్లు తెరిచేవారు, చెయ్యి పట్టుకుంటే వేళ్లు బిగించేవారు. రెండో వారంలో వణుకుతో జ్వరం వచ్చింది, బీపీ పడిపోయింది, మళ్లీ మగతలోకి వెళ్లిపోయారు.

రక్తమూ, గొంతులోని గొట్టం నుంచి తీసిన కఫమూ కల్చర్‌కి (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపారు. నిన్న రిపోర్టులు చేతికిచ్చారు. రక్తంలో క్లెబ్సియెల్లా న్యుమోనియే, కఫంలో అసినెటోబాక్టర్ బౌమానీ అని రాసి ఉంది. కింద మందుల పట్టిక. సెఫ్ట్రియాక్సోన్, పైపెరాసిలిన్ టాజోబాక్టం, అమికాసిన్, మెరోపెనెం, అన్నిటి ఎదురుగా 'ఆర్' (రెసిస్టెంట్, అంటే మందుకు లొంగదు). కొలిస్టిన్ అనే మందు ఒక్కదాని ఎదురుగా 'ఐ' అని ఉంది. డ్యూటీ డాక్టర్ గారు "ఇది మందులకు లొంగని బ్యాక్టీరియా, కొలిస్టిన్ మొదలుపెట్టాం, కిడ్నీల మీద పడొచ్చు" అని చెప్పి సంతకం తీసుకుని వెళ్లారు. అప్పుడు నాకు ఏం అడగాలో కూడా తోచలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆ ఒక్క మందు కూడా 'ఐ' అంటే సగమే పనిచేస్తుందా? ఇంట్లో ఉన్నప్పుడు నాన్నకు జలుబు కూడా లేదు, మరి ఈ బ్యాక్టీరియా ఆసుపత్రిలోనే అంటుకుందా? వేరే ఆసుపత్రికి మార్చమని బంధువులు గట్టిగా పట్టుబడుతున్నారు, మార్చాలా? మా చెల్లికి మూడు నెలల బాబు ఉన్నాడు. నాన్నను ఇంటికి తీసుకెళ్లాక వాడికి ప్రమాదమా? రాత్రంతా నెట్‌లో చదివి టెన్షన్ పెరిగిందే తప్ప ఒక్కటీ అర్థం కాలేదు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

అగార్ ప్లేటు:

నేను కోస్తాలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో మైక్రోబయాలజీ విభాగంలో పనిచేస్తాను. మీ చేతిలో ఉన్న లాంటి రిపోర్టుల మీద రోజూ సంతకం పెడతాను. నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి వైద్యం ఎలా చెయ్యాలో చెప్పను. ఆ కాగితాన్ని ఎలా చదవాలో, రేపు పొద్దున డాక్టర్ గారిని ఏం అడగాలో చెబుతాను.

ముందు ఆ పట్టికను వదిలేసి, పైన శాంపిల్ అన్న చోట ఏం రాసి ఉందో చూడండి. మీ దగ్గరున్న రెండు రిపోర్టులూ ఒక్కటి కావు. రక్తంలో క్లెబ్సియెల్లా పెరిగిందంటే అది నిజమైన ఇన్ఫెక్షనే, వెంటనే వైద్యం చెయ్యాలి, అందులో సందేహం లేదు. కఫంలో అసినెటోబాక్టర్ సంగతి వేరు. గొంతులో గొట్టం కొన్ని రోజులు ఉంటే దాని లోపలి గోడకు బ్యాక్టీరియా పొరలా పట్టేస్తుంది. అది అక్కడ ఊరికే కాపురం ఉండొచ్చు, ఊపిరితిత్తిలోకి దిగి న్యుమోనియా తెచ్చి ఉండొచ్చు. ఏది నిజమో మా ప్లేటు చెప్పలేదు. ఎక్స్‌రేలో కొత్త మచ్చ వచ్చిందా, ఆక్సిజన్ అవసరం పెరిగిందా, కఫం చిక్కగా చీములా మారిందా అన్నవి చూసి డాక్టర్లే తేల్చాలి. కాబట్టి మీ మొదటి ప్రశ్న ఇది: "కఫంలో వచ్చినదాన్ని ఇన్ఫెక్షన్ అనుకుంటున్నారా, కేవలం అక్కడ ఉంటున్నది అనుకుంటున్నారా?" రెండోదైతే దానికి మందు ఇవ్వక్కర్లేదు. అనవసరంగా ఇచ్చే ప్రతి యాంటీబయాటిక్ వల్ల ఆయన పేగుల్లో ఉన్న మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, మొండివి ఇంకా పెరుగుతాయి.

ఇక ఆ 'ఐ' (ఇంటర్మీడియట్, అంటే మధ్యరకం) గురించి. దాన్ని చూసి భయపడకండి. కొలిస్టిన్ ఎదురుగా 'ఎస్' (ససెప్టిబుల్, అంటే మందుకు లొంగుతుంది) అని రాయడం చాలా ల్యాబులు మానేశాయి. మేము అనుసరించే అమెరికా ప్రమాణాల సంస్థ సీఎల్ఎస్ఐ 2020లో ఆ గడినే తీసేసింది. ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావాల్సిన కనీస మందు) 2 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే 'ఐ', 4 గానీ ఎక్కువ గానీ వస్తే 'ఆర్', అంతే. ఎందుకంటే కొలిస్టిన్ పనిచేసే మోతాదుకూ, కిడ్నీని దెబ్బతీసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. బ్యాక్టీరియా లొంగేదే అయినా రక్తంలో తగినంత మందు నిలబడుతుందని హామీ ఇవ్వలేం. కాబట్టి కొలిస్టిన్ విషయంలో ల్యాబ్ రాయగలిగిన మంచి ఫలితం 'ఐ'నే. ఒక్కటి మాత్రం కనుక్కోండి: ఈ పరీక్షను బ్రాత్ (ద్రవంలో బ్యాక్టీరియాను పెంచి చూసే) పద్ధతిలో చేశారా అని. కొలిస్టిన్ అగార్‌లో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీలో) సరిగ్గా పాకదు, అందుకని డిస్క్ (మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ల) పెట్టి చేసిన మామూలు పరీక్షను నమ్మకూడదు.

ఈ మందు కొత్తదేమీ కాదు. 1950ల నుంచి ఉంది, కిడ్నీలు పాడవుతున్నాయని 1980ల నాటికి దాదాపుగా పక్కన పెట్టేశారు. మిగతావి పనిచెయ్యడం మానేశాక మళ్లీ బయటికి తీశారు. ఇస్తున్నన్నాళ్లూ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రం ఎంత వస్తోందన్నది రోజూ చూడాలి, మోతాదు దాన్నిబట్టి మార్చాలి. ఆ రెండు అంకెలూ రోజూ అడిగి రాసుకోండి. మీరు అడిగితే ఎవరూ కోప్పడరు, కోప్పడకూడదు.

మందుల విషయంలో అన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సింది ఇప్పుడు చెబుతాను. మెరోపెనెంకు లొంగడం లేదంటే, సాధారణంగా బ్యాక్టీరియా దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ తయారు చేస్తోందన్నమాట. మన దేశంలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు: ఎన్‌డీఎం, ఆక్సా-48 జాతి. మీ రిపోర్టులో ఏ రకమో రాయలేదు. పీసీఆర్ (జన్యువును గుర్తించే పద్ధతి) మీద ఆధారపడిన పరీక్ష కొన్ని గంటల్లోనే చెప్పేస్తుంది, విశాఖపట్నంలాంటి ఊళ్లో చేయించుకోవడం కష్టం కాదు. అది ఎందుకు కావాలంటే: సెఫ్టాజిడిం అవిబాక్టం అనే కొత్త మందు ఆక్సా-48 మీద పనిచేస్తుంది, ఎన్‌డీఎం మీద ఒంటరిగా పనిచెయ్యదు. అజ్‌ట్రియోనాం అనే పాత మందును ఎన్‌డీఎం ముట్టుకోలేదు, కానీ అదే బ్యాక్టీరియాలో ఉండే వేరే ఎంజైములు దాన్ని తినేస్తాయి. ఆ వేరే ఎంజైములను అవిబాక్టం ఆపుతుంది. అందుకే సెఫ్టాజిడిం అవిబాక్టం, అజ్‌ట్రియోనాం రెండూ కలిపి ఇస్తారు. ఇటలీ, గ్రీసు ఆసుపత్రుల్లో ఇలాంటి బ్యాక్టీరియా రక్తంలోకి చేరిన నూరు మందికి పైగా రోగులను పరిశీలించి 2021లో ప్రచురించారు. ఈ జంట తీసుకున్నవాళ్లలో నెల రోజుల్లో చనిపోయినవారు 19 శాతం, కొలిస్టిన్‌లాంటి ఇతర మందులు తీసుకున్నవాళ్లలో 44 శాతం. అది చీటీలు వేసి రోగులను పంచిన ప్రయోగం కాదు, కాబట్టి ఆ అంకెలను మీ నాన్నగారికి నేరుగా అన్వయించకండి. కానీ "ఏ మందుకూ లొంగదు" అన్న మాటతో ఆగిపోకుండా "జీన్ పరీక్ష చేశారా? ఆ జంట ఇవ్వడానికి వీలవుతుందా?" అని అడిగే హక్కు మీకుంది. ఖర్చు ఎక్కువే, అదీ ముందే అడగండి.

ఆసుపత్రిలో అంటుకుందా అన్నారు. చేర్చిన 48 గంటల తర్వాత మొదలైన ఇన్ఫెక్షన్‌ను ఆసుపత్రిలో వచ్చినదిగానే లెక్క వేస్తాం. మీ నాన్నగారిది ఆ లెక్కలోకే వస్తుంది. అయితే ఇది ఆ ఒక్క ఆసుపత్రి బాధ కాదు. ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) 2013లో పెద్దాసుపత్రుల ల్యాబులను కలిపి ఒక వ్యవస్థ మొదలుపెట్టింది, ఏటా నివేదిక ఇస్తోంది. వాటిలో అసినెటోబాక్టర్ పదింట ఎనిమిదికి పైగా మెరోపెనెంకు లొంగడం లేదు, క్లెబ్సియెల్లా సగానికి పైగా లొంగడం లేదు. మేము మెరోపెనెం డిస్క్ పెడితే చుట్టూ ఖాళీ వలయం రావాలి. డిస్క్ అంచు దాకా గడ్డిలా అల్లుకుపోయిన ప్లేట్లు ఎన్ని చూశానో చెప్పలేను. చూసిన ప్రతిసారీ బాధే, అలవాటు కాలేదు.

వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని వేరే ఆసుపత్రికి కదిలించడమే ఒక ప్రమాదం. బ్యాక్టీరియా ఆయన రక్తంలో ఉంది, అది ఆయనతోపాటే వస్తుంది. కొత్త ఐసీయూలోనూ ఇవే ఉంటాయి. జీన్ పరీక్ష గానీ ఆ మందులు గానీ ఇక్కడ దొరకడం లేదంటే అప్పుడు ఆలోచించండి, బంధువుల మాట మీద మాత్రం వద్దు.

మందుకంటే ముందు నేను అడిగేది గొట్టాల గురించి. మెడలోని సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) ఎప్పుడు పెట్టారు, దాన్ని తీసేస్తారా, మారుస్తారా? మూత్రపు గొట్టం ఇంకా అవసరమేనా? ఇవి రక్తంలోకి, మూత్రాశయంలోకి బ్యాక్టీరియాకు దారులు. దారి తెరిచే ఉంచి ఎంత ఖరీదైన మందు పోసినా లాభం తక్కువ. మంచం తలవైపు 30 డిగ్రీలకు తగ్గకుండా ఎత్తి ఉందా, నోరు శుభ్రం చేస్తున్నారా, మూత్రపు సంచి నేలను తాకకుండా, ఆయన నడుము కంటే కిందకు వేలాడుతోందా అన్నవి మీరు లోపలికి వెళ్లినప్పుడు మీ కళ్లతోనే చూడొచ్చు.

బాబు గురించి భయం వద్దు. ఆ సంగతి నాన్నగారు ఇంటికొచ్చే సమయానికి మళ్లీ అడగండి, వివరంగా రాస్తాను.

రాత్రి డ్యూటీ:

అగార్ ప్లేటు మేడం గారు చెప్పినదానికి ఒక నర్సుగా కొంత కలుపుతాను. హైదరాబాద్‌లో ఐసీయూలో పనిచేసి ఇప్పుడు ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్‌లో (అక్కడి ప్రభుత్వ వైద్య సేవలో) ఉన్నాను.

తమ్ముడూ, మీరు లోపలికి వెళ్లేటప్పుడు చేతికి రబ్ (శానిటైజర్) రాసుకోండి, నాన్నగారి దగ్గర నుంచి బయటికి వచ్చేటప్పుడూ రాసుకోండి. అరచేతులే కాదు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల చివర్లు, ఆరేదాకా. ఉంగరం, గడియారం తీసేయండి. అలాగే నాన్నగారిని ముట్టుకోబోయే ఎవరినైనా "చేతులు కడుక్కున్నారా అండీ" అని మర్యాదగా అడగండి. డాక్టర్ అయినా సరే. మేము అడిగించుకోవాల్సినవాళ్లమే.

అందరూ గ్లౌజులను నమ్ముతారు. గ్లౌజు వేసుకున్నవాళ్లకు రక్షణ, రోగికి కాదు. అదే గ్లౌజుతో ఒక మంచం దగ్గర సక్షన్ చేసి (గొట్టంతో కఫం లాగి) పక్క మంచం దగ్గర మందు ఎక్కించే పంపు బటన్ నొక్కితే బ్యాక్టీరియా ఆ చేత్తోనే అక్కడికి వెళ్తుంది. అసినెటోబాక్టర్ పొడిగా ఉన్న వస్తువుల మీద కూడా వారాల తరబడి బతుకుతుంది. మంచం కమ్మీలు, మానిటర్ తీగలు, పరదా అంచులు, బీపీ పట్టీ, సింకు, అన్నీ దానికి ఇళ్లే.

అక్కడి సిస్టర్ల మీద కోపం పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. ఇక్కడ వెంటిలేటర్ మీద ఉన్న రోగి ఒక్కరికి ఒక నర్సు. హైదరాబాద్‌లో నేను ఒక షిఫ్టులో ముగ్గుర్ని, ఒక్కోసారి నలుగుర్ని చూసేదాన్ని. ఒక మంచం దగ్గర అలారం మోగుతుంటే ఇంకో మంచం నుంచి పరిగెత్తే మనిషికి చేతులు కడుక్కునే అర నిమిషం కూడా దొరకదు. మనుషులను పెంచకుండా గోడల మీద పోస్టర్లు అంటిస్తే ఇన్ఫెక్షన్లు తగ్గవు. ఈ మాట అక్కడ ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఇంకో విషయం, విదేశాల్లో పిల్లలున్నవాళ్లకు పనికొస్తుంది. గత 12 నెలల్లో వేరే దేశంలో ఆసుపత్రిలో చేరి ఉన్న రోగి ఎవరు వచ్చినా ఇక్కడ ముందు విడిగదిలో పెట్టి, మలద్వారం దగ్గర స్వాబ్ తీసి ఈ రకం బ్యాక్టీరియా ఉందేమో చూస్తారు. మన అమ్మానాన్నలు ఇక్కడికొచ్చి జబ్బుపడి చేరినప్పుడు విడిగదిలో పెడితే అవమానంగా భావిస్తున్నారు. అది అందరికీ చేసేదే. ఎన్‌డీఎం మొదట బయటపడింది కూడా అలాగే. ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్‌కు తిరిగి వెళ్లిన రోగి మూత్రంలో 2008లో కనిపెట్టారు, అది కూడా క్లెబ్సియెల్లానే.

మిర్యాలగూడ మెడికల్స్:

నాది మందుల షాపు. ఇలాంటి చర్చ వచ్చిన ప్రతిచోటా "మందుల షాపులవాళ్లు చీటీ లేకుండా అమ్మడం వల్లే" అంటారు. అందులో నిజముంది. షెడ్యూల్ హెచ్1 అని, కొన్ని మందుల అమ్మకం మీద నియమం 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. సెఫిక్సిం, సెఫ్ట్రియాక్సోన్, లీవోఫ్లాక్సాసిన్, మెరోపెనెంలాంటివి అందులో ఉన్నాయి. అమ్మితే డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. నా షాపులో రాస్తాను. చీటీ లేదంటే ఇవ్వను. ఆ మనిషి నాలుగు అడుగులు వేసి ఇంకో షాపులో కొనుక్కుంటాడు, తర్వాత నా షాపుకు రావడం మానేస్తాడు. అయినా ఇవ్వను.

కానీ ఐసీయూలో ఈ మొండి బ్యాక్టీరియా అంతా మా గోళీల వల్లే వచ్చిందంటే ఒప్పుకోలేను. పల్లెల్లో జలుబుకు కూడా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ వేసే ఆర్‌ఎంపీల సంగతి? చెరువుల్లో, కోళ్ల ఫారాల్లో పోసేదాని సంగతి? కొలిస్టిన్‌నే కోళ్ల మేతలో కలిపేవారు కదా.

అగార్ ప్లేటు:

మిర్యాలగూడ గారూ, మీరు రిజిస్టర్ రాస్తున్నందుకు నిజంగా సంతోషం. కొలిస్టిన్ గురించి మీరన్నది నిజమే. కోళ్లు, రొయ్యలు, చేపలు, పశువుల మేతల్లో దాన్ని వాడకుండా కేంద్రం 2019 జూలైలో నిషేధించింది. మనుషులకు చివరి మందుగా దాచుకున్నదాన్ని కోళ్ల బరువు పెంచడానికి పోశారన్నది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

కోళ్ల మేత అలవాటు ఎక్కడ మొదలైందో భీమవరం పక్కవాళ్లకు చెబితే ఆశ్చర్యపోతారు. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టారు, 1948లో లోకానికి తెలిసింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మందు. ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతున్నాయని అదే సంస్థలోని శాస్త్రవేత్తలు గమనించి 1950లో ప్రకటించారు. సుబ్బారావు గారు 1948లోనే పోయారు, ఇది ఆయన చూడలేదు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

అయితే ఐసీయూ వరకూ వస్తే, అక్కడ ఈ బ్యాక్టీరియాను ఒక రోగి నుంచి ఇంకొకరికి మోసేది ప్రధానంగా చేతులూ పరికరాలూనే. నర్సమ్మగారు రాసిందే సరైనది. ఎన్‌డీఎం జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉంటుంది. దాన్ని క్లెబ్సియెల్లా పక్కనున్న ఈ-కోలి అనే ఇంకో బ్యాక్టీరియాకు నేరుగా అందించగలదు. ఒక మంచి బ్యాక్టీరియా ఏ మందూ చూడకుండానే ఆ లక్షణం సంపాదించుకుంటుంది. బయట గోళీల వాడకం తగ్గినంత మాత్రాన ఐసీయూలో పాకడం ఆగదు. రెండూ చెయ్యాలి, కానీ ఐసీయూ పని ఐసీయూలోనే చెయ్యాలి.

నక్కవాగు గట్టు:

మాది పటాన్‌చెరు వైపు. ఆసుపత్రుల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మా నీళ్ల గురించి కూడా ఒక మాట. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు వచ్చే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ గోళీ వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. శుద్ధి అయ్యాక వదిలిన నీళ్లు అవి! ఆ నీళ్లలో బతకగలిగే బ్యాక్టీరియా ఎలాంటిదో మీరే ఊహించుకోండి. 2011లో ఢిల్లీలో వీధుల్లో నిలిచిన నీళ్లు 171 చోట్ల తీసి చూస్తే 51 చోట్ల, కుళాయి నీళ్లు 50 తీసి చూస్తే రెండింట్లో ఎన్‌డీఎం జన్యువు దొరికింది. అంటే ఇది ఆసుపత్రి గోడ దాటి చాలా కాలమైంది.

ఫ్యాక్టరీలు వదిలే నీళ్లలో యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చో పరిమితి పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. మా ఊళ్లలో దీని గురించి తిరిగినవాళ్లకు ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. ఇలాంటి ఫ్యాక్టరీ నీళ్ల మీద డబ్ల్యూహెచ్‌ఓ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఇక్కడ చట్టంగా పెట్టమని అందరూ అడగాలి.

పార్వతీపురం వాసి:

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. మేడం గారు రాసింది ప్రింట్ తీసుకుని వెళ్లి ఒక్కొక్కటే అడిగాను. మొదట కొంచెం విసుక్కున్నారు గానీ పెద్ద డాక్టర్ గారు కూర్చోబెట్టి మాట్లాడారు. జీన్ పరీక్ష చేయించారు, ఎన్‌డీఎం అనే వచ్చింది. కొలిస్టిన్ ఆపి మీరు చెప్పిన రెండు మందులూ కలిపి మొదలుపెట్టారు. మెడలో లైన్ తీసేసి వేరే చోట పెట్టారు, మూత్రపు గొట్టం తీసేశారు. కఫంలో ఉన్న అసినెటోబాక్టర్‌కు మాత్రం ప్రస్తుతం మందు అక్కర్లేదు, ఎక్స్‌రే బాగానే ఉంది అన్నారు.

జ్వరం తగ్గింది, బీపీకి ఇచ్చే మందు ఆపేశారు. క్రియాటినిన్ పెరిగి మళ్లీ కిందికి వస్తోంది. గొంతు దగ్గర చిన్న ఆపరేషన్ చేసి గొట్టం పెట్టారు. వెంటిలేటర్ పగలు కొంతసేపు తీస్తున్నారు. ఎడమ చెయ్యి, కాలు ఇంకా కదలడం లేదు, దానికి చాలా నెలలు పడుతుందట. రక్తం మళ్లీ కల్చర్‌కి పంపితే ఏమీ పెరగలేదు.

ఇంటికి తీసుకెళ్లే మాట మొదలైంది. బాబు గురించి ఇప్పుడు చెప్పండి మేడం. అమ్మ విడి గది, విడి కంచం, గ్లాసు అంటోంది. ఇంకో మాట, మూత్రంలో మళ్లీ కల్చర్ చేయించి పూర్తిగా పోయిందని నిర్ధారించుకోమని ఒకరు చెప్పారు. చేయించాలా?

అగార్ ప్లేటు:

రక్తం కల్చర్‌లో ఏమీ పెరగలేదన్న మాట చదివి మనసు కుదుటపడింది బాబూ. అడిగి చేయించుకున్నారు, అది పెద్ద పని.

రక్తంలో పోయినా ఆయన పేగుల్లో ఆ క్లెబ్సియెల్లా నెలల తరబడి ఉండిపోవచ్చు. దాన్ని మందులతో తరిమే ప్రయత్నం చెయ్యరు, చెయ్యకూడదు. మామూలు ఆహారం, మామూలు జీవితం మొదలయ్యాక చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దానివల్ల జబ్బు రావడం అరుదు. శరీరంలో గొట్టాలు, పుండ్లు, బాగా తగ్గిన రోగనిరోధక శక్తి ఉన్నవాళ్లకే ముప్పు. కాబట్టి విడి కంచం, విడి గ్లాసు అక్కర్లేదు, మామూలుగా తోమితే చాలు. అమ్మగారికి చెప్పండి, ఆయనను అంటరానివాడిలా ఒక గదిలో పెట్టొద్దని. పక్షవాతం వచ్చిన మనిషికి పక్కన మనుషులు ఉండడమే కావాలి.

జాగ్రత్త ఒక్క చోట పడాలి. డైపర్ మార్చినా, మలమూత్రాలు తీసినా, గొంతు గొట్టం దగ్గర కఫం తుడిచినా, ఆ వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ తర్వాతే వంట, ఆ తర్వాతే బాబు. వీలైతే చెల్లిగారికి డైపర్ పని అప్పగించకండి, ఇంకెవరైనా చూసుకోండి. బాబును తాతగారి పక్కన కూర్చోబెట్టొచ్చు, ఆడించొచ్చు. బట్టలు వేడి నీళ్లతో, మామూలు సబ్బుపొడితో ఉతికి ఎండలో ఆరేయండి. బాత్‌రూమ్‌లో బ్లీచింగ్ వాడండి.

మూత్రం కల్చర్ మాత్రం చేయించకండి. జ్వరం, మంట, పొత్తికడుపు నొప్పి, కొత్తగా మగత, ఇలాంటిదేదైనా ఉంటేనే చేయించాలి. ఏ ఇబ్బందీ లేని మనిషి మూత్రంలోనూ ఏదో ఒకటి పెరగొచ్చు, దాన్ని చూసి ఎవరో మళ్లీ యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఇంత కష్టపడి దాటినదాన్ని మళ్లీ తెచ్చుకున్నట్టవుతుంది.

డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చే ముందు అందులో బ్యాక్టీరియా పేరు, ఎన్‌డీఎం అని, ఏ మందులు ఎన్ని రోజులు ఇచ్చారో రాయించుకోండి. చాలా సమ్మరీల్లో "ఇన్ఫెక్షన్‌కు చికిత్స చేశాం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. కల్చర్ రిపోర్టు జెరాక్స్ ఫైలులో పైనే పెట్టండి. ఇక ముందు ఫిజియోథెరపీకి వెళ్లినా, పార్వతీపురంలో సెలైన్ పెట్టించుకున్నా, ఏ ఆసుపత్రిలో చేరినా లోపలికి వెళ్లగానే ఆ కాగితం చూపించండి. మీ నాన్నగారికి సరైన మందు మొదటి రోజే మొదలవుతుంది, పక్క మంచం మీద ఉన్నవాళ్లకు ఇది అంటకుండా వాళ్లు జాగ్రత్తపడతారు.